బరువు తగ్గినా నడుం నొప్పి ఎందుకు తగ్గడం లేదు?

సంక్షిప్తంగా: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత చాలామందికి నడుం నొప్పి తగ్గుతుంది. కొందరికి అలాగే ఉండిపోతుంది. ఇంకొందరికి ఏడాది, రెండేళ్ల తర్వాత కొత్తగా మొదలవుతుంది. కండ కరగడం, ఎముక బలహీనపడటం, కడుపులో పుట్టి వీపుకు పాకే నొప్పి ఇందుకు కారణాలు కావచ్చు. నల్లగొండ ప్రాంతంలో ఫ్లోరైడ్‌ను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఊళ్లో అందరూ వాడే నొప్పి గోలీ, నొప్పి సూది మాత్రం ఈ ఆపరేషన్ అయినవారికి, ముఖ్యంగా బైపాస్ అయినవారికి, ప్రమాదకరం.

నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. బరువు తగ్గే ఆపరేషన్ కోసం ఈ జిల్లాలవాళ్లు ఎక్కువగా వెళ్లేది అక్కడికే. మొదటి ఏడాది చెప్పిన తేదీలకు వెళ్లి చూపించుకుంటారు. షుగర్ అదుపులోకి వస్తుంది, బీపీ గోలీలు తగ్గుతాయి, మెట్లు ఎక్కితే ఆయాసం రాదు. అంతా బాగుందనిపించాక హైదరాబాద్ ప్రయాణాలు ఆగిపోతాయి. ఆ తర్వాత ఎప్పుడో నడుం పట్టేస్తే చూపించుకునేది ఊళ్లోని ఆర్‌ఎంపీకి, లేకపోతే మందుల షాపులో అడిగి తెచ్చుకునేది రెండు గోలీలు. అక్కడ కడుపు ఆపరేషన్ సంగతి ఎవరూ అడగరు, రోగికీ చెప్పాలని తోచదు. నడుముకూ కడుపుకూ సంబంధం ఏముందని అనుకోవడం సహజమే. సంబంధం ఉంది, చాలా దగ్గరిది.

ఆపరేషన్‌లో మారేది ఏమిటి?

మన దగ్గర ఎక్కువగా జరిగేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని నిలువుగా కోసి, సుమారు 75 నుంచి 80 శాతం భాగం తీసేస్తారు. సన్నని గొట్టంలాంటి భాగం మిగులుతుంది. పేగుల దారి మారదు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగు మధ్యభాగానికి కలుపుతారు. తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి పోతుంది. మినీ బైపాస్ కూడా ఈ కోవలోదే.

ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాతి విషయాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి. బైపాస్‌లో పక్కకు తప్పించిన ఆ మొదటి భాగమే కాల్షియం, ఐరన్ బాగా ఇంకే చోటు. సంచిని పేగుకు కుట్టిన అతుకు దగ్గర మరో చిక్కు ఉంది. జీర్ణాశయం లోపలి పొరకు ఆమ్లాన్ని తట్టుకునే జిగురు రక్షణ ఉంటుంది, పేగు పొరకు అంత ఉండదు. ఆ అతుకు దగ్గర పుండు పడే అవకాశం జీవితాంతం ఉంటుంది.

బరువు దిగినా నడుము ఎందుకు కుదుటపడదు?

పొట్ట ముందుకు పెరిగిన కొద్దీ నడుము లోపలికి వంగి, వెన్నుపూసల వెనక కీళ్ల మీద, పూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల మీద ఒత్తిడి పడుతుంది. బరువు తగ్గితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. ఆపరేషన్‌కు ముందు డాక్టర్లు చెప్పేది ఇదే, అందులో అబద్ధం లేదు. కానీ ఇరవై ఏళ్లు అధిక బరువు మోసిన డిస్కు అప్పటికే అరిగి ఉంటే, బరువు దిగినంత మాత్రాన అది మళ్లీ కొత్తదవదు. ఏళ్ల తరబడి నొప్పి సంకేతాలు అందుకున్న నాడీ వ్యవస్థ కూడా చిన్న కదలికకే పెద్దగా స్పందించడానికి అలవాటు పడి ఉంటుంది. నిద్ర సరిగా లేకపోవడం, టెన్షన్, దిగులు దాన్ని ఇంకా పెంచుతాయి. ఎక్స్‌రేలో ఏమీ లేదంటే నొప్పి లేదని కాదు.

వేగంగా బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. వెన్నును రెండు వైపులా పట్టి ఉంచే లోతైన కండరాలు, పొట్ట కండరాలు పలచబడతాయి. గుడారం బరువు తగ్గింది కానీ దాన్ని లాగి కట్టిన తాళ్లు కూడా వదులయ్యాయన్నట్టు ఉంటుంది పరిస్థితి. అన్నం పప్పు చారుతో గడిపేవారికి ఇది మరీ ఎక్కువ. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ తినాలని చెబుతారు. చిన్న సంచిలో రెండు ముద్దల అన్నం పట్టగానే పప్పుకు, గుడ్డుకు చోటుండదు. అందుకే ముందు గుడ్డు, చికెన్, చేప, పెసరపప్పు, పెరుగు తిని, ఆ తర్వాతే అన్నమో జొన్న రొట్టో తినమంటారు.

వేలాడే పొట్ట చర్మం కూడా కొందరికి నడుమును ముందుకు లాగుతుంది. దీని మీద పెద్దగా ఎవరూ మాట్లాడరు. ముఖ్యంగా ఆడవాళ్లు చెప్పుకోవడానికి సిగ్గుపడతారు.

ఎముక లోపల జరిగేది

ఆపరేషన్ తర్వాత రెండు మూడేళ్లకు మొదలయ్యే నొప్పిలో ఎముకను ముందుగా అనుమానించాలి. బైపాస్ తర్వాత కాల్షియం, విటమిన్ డి తక్కువగా ఇంకుతాయి. రక్తంలో కాల్షియం తగ్గగానే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు మేల్కొని ఎముకల నుంచి కాల్షియం తీసి రక్తంలోకి పంపుతాయి. దాంతో రక్తపరీక్షలో కాల్షియం నార్మల్‌గానే కనిపిస్తుంది, లోపల ఎముక మాత్రం తరుగుతూ ఉంటుంది. ‘కాల్షియం టెస్ట్ బాగానే ఉంది’ అని రిపోర్టు పక్కన పెట్టేయడం ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కలిపి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. ఎముక మెత్తబడిన నొప్పి నడుము, తుంటి, పక్కటెముకల్లో ఒకచోట అని చెప్పలేకుండా సలుపుతుంది. కూర్చుని లేవడం, మెట్లెక్కడం కష్టమవుతుంది.

బైపాస్ అయినవారికి ఆమ్లం తక్కువ కాబట్టి కాల్షియం కార్బొనేట్ కన్నా కాల్షియం సిట్రేట్ మెరుగ్గా ఇంకుతుంది. మొత్తం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు అవసరం. అంతా ఒకేసారి మింగితే ఇంకదు, 500 లేదా 600 మిల్లీగ్రాముల చొప్పున విడదీసుకోవాలి. ఐరన్ గోలీకి, దీనికి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. విటమిన్ డి కోసం ఆరు లక్షల యూనిట్ల సూది వేయించుకోవడం మన దగ్గర అలవాటు. పరీక్ష చేయించకుండా దాన్ని మళ్లీ మళ్లీ వేయించుకుంటే విటమిన్ డి మోతాదు మించి, రక్తంలో కాల్షియం పెరిగి, కిడ్నీలకు హాని జరుగుతుంది.

ఎముకతో పాటు నరాల సంగతి కూడా చూడాలి. కాళ్లు తిమ్మిర్లెక్కడం, పాదాల మంటలు, నడకలో తూలు అన్నీ సయాటికా (నడుము నుంచి కాలిలోకి లాగే నరం నొప్పి) కావు. బి12, థయామిన్, రాగి లోపాలు కూడా అలాగే కనిపిస్తాయి. ఆపరేషన్ తర్వాత వాంతులు ఆగకుండా అవుతున్నవారికి థయామిన్ కొద్ది వారాల్లోనే పడిపోతుంది, అది అత్యవసరం. మిగతావి నెమ్మదిగా, ఏళ్ల మీద బయటపడతాయి. మల్టీవిటమిన్ గోలీలు ఖరీదని మానేసినవారిలో ఇవి ఎక్కువ.

నల్లగొండలో మరో అనుమానం: ఫ్లోరైడ్

దేశంలో మరే జిల్లా పేరూ నల్లగొండ పేరంతగా ఫ్లోరైడ్‌తో ముడిపడి లేదు. 1955లోనే బ్రిటిష్ వైద్య పత్రికలో ఈ జిల్లా ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలకు, పళ్లకు వచ్చే జబ్బు) మీద వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. మిషన్ భగీరథతో నదీజలాలు వచ్చాక కొత్త తరానికి ఈ పీడ చాలావరకు తప్పింది. కానీ ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారగానే పోదు, ఏళ్ల తరబడి, దశాబ్దాల తరబడి ఉంటుంది. ఇవాళ నలభై, యాభై ఏళ్ల వయసులో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంటున్నవారి చిన్నతనం బోరు నీళ్ల మీదే గడిచింది.

ఫ్లోరోసిస్‌లో వెన్నుపూసలను కలిపి పట్టి ఉంచే నారల్లాంటి లిగమెంట్లు గట్టిపడి సున్నంలా మారతాయి. నడుము వంగదు, మెడ తిరగదు, పొద్దున లేవగానే కట్టెలా బిగుసుకుంటుంది. ముదిరితే వెన్నుపాము మీదే ఒత్తిడి పడుతుంది. దీన్ని మామూలు అరుగుదల అనుకుని వదిలేయడం తేలిక.

ఈ రెండు సమస్యలు కలిసిన చోట ఒక వింత జరుగుతుంది. బైపాస్ తర్వాత ఎముక సాంద్రత చూడటానికి డెక్సా స్కాన్ చేయిస్తారు. ఫ్లోరైడ్ చేరిన ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది, గట్టిపడిన లిగమెంట్ల నీడ కూడా దానికి తోడవుతుంది. సంఖ్య బాగుంటుంది, ఒక్కోసారి మామూలు కన్నా ఎక్కువే ఉంటుంది. కానీ అది గట్టి ఎముక కాదు. కాల్షియం చాలకపోతే అదే ఎముకలో మెత్తబడే లక్షణం కూడా ఉండొచ్చు. హైదరాబాద్‌లో రిపోర్టు చూసే డాక్టరుకు రోగి పుట్టి పెరిగిన ఊరు ఏదో తెలియకపోతే ‘ఎముకలు బాగున్నాయి’ అని పంపించే అవకాశం ఉంది. ఇక్కడ పెద్ద ఖర్చు లేని ఆధారం ఒకటుంది, అది ముంజేతి ఎక్స్‌రే. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ అనుమానం బలపడుతుంది. మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష కూడా ఉంది. చిన్నప్పుడు తాగింది ఏ నీళ్లో డాక్టరుకు చెప్పడం ఈ ప్రాంతంవారికి బీపీ, షుగర్ చెప్పినంత ముఖ్యం.

మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు కూడా కొన్ని ఊళ్లలో బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంది, కాకపోతే నల్లగొండకు వచ్చినంత పేరు వాటికి రాలేదు.

నడుం నొప్పిలా కనిపించే వేరే నొప్పులు

వేగంగా బరువు తగ్గినవారికి పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం మామూలే. ఆ నొప్పి కుడి పక్క నుంచి వీపు, భుజం రెక్క దాకా పాకుతుంది. బైపాస్ తర్వాత మూత్రంలో ఆక్సలేట్ (పాలకూర లాంటి వాటిలో ఎక్కువగా ఉండే పదార్థం) పెరిగి కిడ్నీలో రాళ్లు పడొచ్చు. ఆ నొప్పి నడుము పక్కన మొదలై గజ్జలోకి దిగుతుంది. చిన్న సంచిలో ఒకేసారి గ్లాసెడు నీళ్లు పట్టవు కాబట్టి పాలమూరు (మహబూబ్‌నగర్) ఎండల్లో ఒంట్లో నీరు త్వరగా తగ్గిపోతుంది. గుక్కెడు గుక్కెడుగా రోజంతా తాగుతూ ఉండటమే మార్గం. పాలకూర తగ్గించి, కాల్షియం సిట్రేట్‌ను భోజనంతో పాటు వేసుకుంటే ఆక్సలేట్ పేగులోనే పట్టుబడి బయటికి పోతుంది.

అన్నం తిన్నాక మెలితిప్పినట్టు వచ్చి వీపులోకి పొడిచే నొప్పి, తగ్గుతూ మళ్లీ వస్తూ ఉంటే, బైపాస్ అయినవారిలో పేగు, పొట్ట లోపల ఏర్పడిన సందులో ఇరుక్కుందేమో చూడాలి. ఇది ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. మామూలు అల్ట్రాసౌండ్‌లో దొరక్కపోవచ్చు, సీటీ స్కాన్ అవసరమవుతుంది. నల్లటి మలం, ఛాతీ కింద మంటతో కూడిన వీపు నొప్పి అతుకు దగ్గరి పుండుకు గుర్తు.

వెన్నెముక టీబీ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, ఒకేచోట తగ్గని వెన్ను నొప్పి దీని లక్షణాలు. బరువు తగ్గే ఆపరేషన్ అయినవారిలో బరువు తగ్గితే సంతోషిస్తారు తప్ప ఎవరూ అనుమానించరు. బరువు ఒకచోట నిలబడ్డాక మళ్లీ అకారణంగా దిగుతుంటే, దానికి నడుం నొప్పి తోడైతే, ఎమ్మారై దాకా వెళ్లడం తొందరపాటు కాదు. మూత్రం, మలం అదుపు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, కాలు బలం కోల్పోవడం కనిపిస్తే ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి.

నొప్పి గోలీ, నొప్పి సూది

డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, పైరాక్సికామ్ ఒకే కుటుంబం మందులు. శరీరంలో నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారవకుండా ఆపడం వీటి పని. అయితే జీర్ణాశయం లోపలి పొరను కాపాడే జిగురును పుట్టించేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. మామూలు మనిషికి ఇది గ్యాస్, మంటతో సరిపోవచ్చు. బైపాస్ అయినవారిలో అసలే రక్షణ తక్కువగా ఉన్న అతుకు దగ్గర పుండు పడి, రక్తం కారి, ఒక్కోసారి రంధ్రం పడే దాకా వెళ్తుంది. బీడీ, సిగరెట్ తాగేవారికి ముప్పు ఇంకా పెరుగుతుంది. స్లీవ్ అయినవారికి అలాంటి అతుకు లేదు కాబట్టి ప్రమాదం తక్కువ. అవసరమైతే కొద్ది రోజులు వాడటానికి కొందరు సర్జన్లు ఒప్పుకుంటారు, అదీ వాళ్లకు తెలిసి వాడాలి.

మన ఊళ్లలో బలంగా నాటుకున్న అపోహ ఒకటుంది: గోలీ అయితే కడుపును పాడుచేస్తుంది, సూది అయితే చేయదు అని. నిజానికి గోలీ కడుపుకు చేసే నష్టంలో ఎక్కువ భాగం రక్తం ద్వారా జరిగేదే. డైక్లో సూది తుంటికి వేసినా రక్తంలో కలిసి అదే జిగురును తగ్గిస్తుంది. ముందు గ్యాస్ గోలీ వేసుకుంటే ప్రమాదం కొంత తగ్గుతుంది, పోదు.

రెండో చిక్కు కలిపి అమ్మే గోలీలతో. ‘నాకు పారాసిటమాల్ చాలు’ అని అడిగినా చేతికి వచ్చే స్ట్రిప్‌లో మరొకటి కలిసి ఉండొచ్చు. డోలో 650లో ఉండేది పారాసిటమాల్ ఒక్కటే. జీరోడాల్ పీలో పారాసిటమాల్‌తో పాటు అసిక్లోఫెనాక్, కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంటాయి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో రాసిన పేర్లు చదివించుకోవాలి. నడుం నొప్పికి ఇచ్చే స్టెరాయిడ్ గోలీలు, ఏం కలిపారో చెప్పని నాటు మందు పొడులు కూడా పుండుకూ ఎముక నష్టానికీ దారితీస్తాయి. గుండె జబ్బుకు వాడే చిన్న మోతాదు ఆస్పిరిన్ సంగతి వేరు. దాన్ని సొంతంగా ఆపకూడదు, గుండె డాక్టరును, సర్జన్‌ను కలిపి అడగాలి.

గట్టి నొప్పి మందైన ట్రమడాల్‌ను 2018లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చింది. అయినా నొప్పికి రాస్తూనే ఉన్నారు. అలవాటు పడే గుణం, మలబద్ధకం, వాంతులు దాని వెంట వస్తాయి. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్ మత్తునిస్తుంది, బరువూ పెంచుతుంది. ఆపరేషన్ తర్వాత మద్యం రక్తంలోకి త్వరగా, ఎక్కువగా చేరుతుంది. మత్తు మందులు కలిపిన కల్లు కేసులు ఈ జిల్లాల్లో అప్పుడప్పుడూ వార్తల్లోకి వస్తూనే ఉన్నాయి. అలాంటి కల్లు మీద ట్రమడాల్‌నో ప్రీగాబాలిన్‌నో వేసుకుంటే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. రోజుకు ఒకసారి వేసుకునే నిదానంగా కరిగే గోలీలు బైపాస్ అయినవారిలో సరిగా పనిచేయకపోవచ్చు. మందు పట్టడం లేదని మోతాదు పెంచే ముందు, గోలీ రకం మార్చాలేమో చూడాలి.

మరి మిగిలిన దారి?

పారాసిటమాల్ కడుపుకు సురక్షితం, కానీ దీర్ఘకాలిక నడుం నొప్పి మీద దాని ప్రభావం తక్కువేనన్నది ఒప్పుకోవాలి. డైక్లోఫెనాక్ జెల్ రాస్తే రక్తంలోకి చేరేది గోలీతో పోలిస్తే చాలా కొంచెం కాబట్టి, డాక్టరు ఒప్పుకుంటే వాడుకోవచ్చు. వేడి కాపడం మంచిదే. ఇక అసలు వైద్యం కండను తిరిగి కట్టుకోవడం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పద్ధతి ప్రకారం చేసే వ్యాయామం, నొప్పి గురించి అవగాహన కల్పించడం, మానసిక చికిత్సలు అందులో సిఫారసు చేసినవాటిలో ఉన్నాయి. రోజూ వేసుకునే నడుం బెల్టు, ట్రాక్షన్ (నడుమును లాగి ఉంచే వైద్యం) వద్దన్నవాటిలో ఉన్నాయి. మన ఊళ్లలో నడుం నొప్పి అనగానే ముందు కొనేది బెల్టే. అది కండ చేయాల్సిన పనిని తాను చేసి, కండను ఇంకా సోమరిని చేయొచ్చు. 2024లో ఆస్ట్రేలియాలో 701 మంది మీద చేసిన పరిశోధనలో, ఒకసారి తగ్గిన నడుం నొప్పి మళ్లీ రావడానికి క్రమంగా నడక పెంచినవారికి సగటున 208 రోజులు పట్టింది, నడక కార్యక్రమం లేనివారికి 112 రోజులు. వాళ్లెవరూ ఈ ఆపరేషన్ అయినవాళ్లని ఎంచి తీసుకున్నవారు కాదు. అయినా డబ్బు ఖర్చు లేని, కడుపుకు హాని లేని వైద్యం కాబట్టి ఆ ఫలితం ఇక్కడ పనికొస్తుంది.

నడక ఒక్కటే కండను పెంచదు. సర్జన్ అనుమతించాక వారానికి రెండు మూడు సార్లు బరువులతో, రబ్బరు పట్టీలతో చేసే వ్యాయామం కావాలి. మొదట్లో ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని ఇంట్లో చేసుకోవచ్చు. ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం అనే అభిప్రాయం మన దగ్గర ఉంది. పడుకుని యంత్రం పెట్టించుకుంటే ఆ పూటకు హాయిగా ఉంటుంది, కండ మాత్రం పెరగదు. ఫ్లోరోసిస్‌తో వెన్ను బిగిసినవారికి మెడ, నడుము బలవంతంగా వంచే, విరిచే వైద్యాలు ప్రమాదం. వాళ్లకు వ్యాయామం వేరుగా ఉండాలి.

పని కూడా మారాలి. పత్తి ఏరేవారు, నాట్లు వేసేవారు గంటల తరబడి నడుం దగ్గర వంగే ఉంటారు. పోచంపల్లి, గద్వాల, నారాయణపేటల్లో గుంట మగ్గం మీద కూర్చునేవారికి వంగిన వెన్ను తప్పదు. షాపు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారి పరిస్థితీ అంతే. పని మానమనడం జరిగే మాట కాదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, పత్తి సంచిని నిండేదాకా భుజాన మోయకుండా సగం సగం దింపడం, నీళ్ల బిందెను నడుం వంచి కాకుండా మోకాళ్లు వంచి ఎత్తడం సాధ్యమయ్యే మార్పులు.

ఇవన్నీ నెలల తరబడి చేసినా కాలిలోకి నరం నొప్పి లాగుతూ, ఎమ్మారైలో నరం నొక్కుకున్నట్టు తేలితేనే వెన్నులో సూది, ఆపరేషన్ ఆలోచనలోకి వస్తాయి. అప్పుడు కూడా ఎముక బలం, ప్రోటీన్, రక్తహీనత ముందు సరిచేసుకోవాలి. లేకపోతే గాయం మానదు, వేసిన స్క్రూలు పట్టవు.

హైదరాబాద్ నుంచి డిశ్చార్జి అయ్యేటప్పుడు ఇచ్చే కాగితంలో స్లీవా, బైపాసా అన్నది రాసి ఉంటుంది. దాని ఫోటో ఫోన్‌లో ఉంచుకుని నడుం నొప్పికి ఎవరి దగ్గరికి వెళ్లినా, ఆర్‌ఎంపీ అయినా, మందుల షాపు అయినా, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ దవాఖానల్లో ఎముకల డాక్టరు అయినా, ముందు అది చూపించాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఈ సంగతి తెలిసి ఉండాలి. నడుం పట్టేసి కదల్లేని రాత్రి సూది కోసం పరుగెత్తేది, డాక్టరుకు జవాబు చెప్పేది వాళ్లే.